మొయినాబాదు పెరటిలోని బిళ్ళగన్నేరు

యాత్రావృత్తాంతమన్నంతనే కాశీయో రామేశ్వరమో యని మీరు తలంతురు. నేను పోయివచ్చినది అంత దూరము గాదు. హైదరాబాదు నగరమునకుఁ బడమట, మెహదీపట్నమున బస్సెక్కినచో గంటకుఁ జేరఁదగిన మొయినాబాదు. మావారు బడిపంతులగుటచేత మా ప్రయాణములన్నియు సెలవులకు లోఁబడినవే. ఈ సంక్రాంతి సెలవులలో ఆ ప్రాంతమందలి మా చెల్లెలి యింట నాలుగు దినములు గడపివచ్చితిమి. అచట నా నోటి తొందరచేత ఒక గండము తెచ్చి, దైవికముగా దానినుండి బయటపడితిని. ఆ సంగతి మీకుఁ జెప్పవలెనని ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాను.

లంగరుహౌసు దాటి, పోలీసు అకాడమీ కూడలికడ బీజాపురపు దారిఁ బట్టిన పిదప మఱ్ఱిచెట్లు మొదలగును. అచటినుండి చేవెళ్ళమీఁదుగా మన్నెగూడ వఱకు దాదాపు 900 మఱ్ఱులు కలవు. నిజాముల కాలమున బాటసారుల నీడకై నాఁటినవి. రహదారి వెడల్పు చేయవలెననియు, చెట్లను గొట్టరాదనియు ఏండ్లతరబడి వాదము నడచినది. నేను చెట్ల పక్షముదానను. కాని ఆ యిఱుకుదారిని లారీలు ఎదురువచ్చినపుడెల్లఁ గన్నులు మూసికొంటినని యొప్పుకొనక తప్పదు.

మొయినాబాదు రెండు జలాశయముల నడుమ నున్నది. 1908 వ సంవత్సరమున మూసీనది పొంగి నగరమును ముంచినపిదప, వఱద నాపుటకును నగరమునకుఁ ద్రాగునీ రిచ్చుటకును గట్టిన ఉస్మానుసాగరము ఒకవంక, హిమాయతుసాగరము మఱియొకవంక. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. ఆ నీరు చెడకుండుటకై 1996లో ప్రభుత్వమువారు 111వ సంఖ్యగల యుత్తరువు వెలువరించి, 84 గ్రామములలోఁ గర్మాగారములను, పెద్ద కట్టడములను నిషేధించిరి. నగరము ఇంత చేరువనున్నను ఇచట బంతి, చేమంతి, గులాబి తోఁటలు, ఆకుకూరల మళ్లు ఇంకను గనఁబడుట కిది యొక కారణము. అయినను గోడలు లేచుచునే యున్నవి. మా చెల్లెలు కాపురమునకు వచ్చిన క్రొత్తలో దారికి ఇరుప్రక్కల ముండ్లకంచెలు, కంచెలనిండ మొక్కలు నుండెడివి. ఇప్పుడు ఆ తావున నగరమువారి విహారగృహముల రాతిగోడలు, ఇనుపద్వారములు, లోపలినుండి మొఱుగు కుక్కలు.

చెల్లెలిది పూలు, కూరలు పండించు ఇల్లు. దాని చిన్నకొడుకునకు ఆఱేండ్లు. పదునాలుగు నెలలక్రిందట వానికి విడువని జ్వరము వచ్చెను. ఒంటిపై దెబ్బ తగులకయే కమిలిన మచ్చలు లేచెను. నగరమునఁ బరీక్షింపఁగా రక్తపు క్యాన్సరని తేలెను. పక్వము గాని తెల్లకణములు ఎముకల మూలుగలో మితిమీఱి పెరిగి, మంచి కణములకుఁ జోటు లేకుండఁజేయు వ్యాధి యిది. పిల్లలలోఁ గనఁబడు క్యాన్సరులలో నిదియే ముఖ్యమైనది. మొదటి నెలలు ఎట్లు గడచినవో నేను వ్రాయలేను. చికిత్స రెండున్నర యేండ్లకుఁ బైఁబడియే యుండునఁట. ఇప్పుడు వాఁడు నెలకొకమాఱు సూదికై పోవుచు, కడమ దినములలో మాత్రలు మ్రింగుచు, ఇంటనే యున్నాఁడు. రాలిన జుట్టు మరల వచ్చినది. పూర్వముకంటె నొక్కువగానే వచ్చినదని వాఁడు నాకుఁ దలవంచి చూపించెను.

మేము చేరిన రాత్రి భోజనములయొద్ద మాట ఆ సూదిమీఁదికిఁ బోయెను. గత శ్రావణమున నేనును వానికిఁ దోడుగా నాసుపత్రికిఁ బోయి, ఆ మందేమని వైద్యురాలినడిగి తెలిసికొంటిని. దాని పేరు విన్‌క్రిస్టీను. అది మన పెరళ్ళలోను, గుడులలోను, సమాధులయొద్దను పూచు బిళ్ళగన్నేరుఆకునుండి తీసినది. ఈ సంగతి యింతమంది నడుమఁ జెప్పకుండ నేనెట్లూరకుందును? మా తండ్రిగారు నాకింటనే కావ్యములు, కొంత వైద్యనిఘంటువు చెప్పియుండుటచేత, మొక్కలమాట వచ్చినచో నాకుఁ గొంచెము గర్వము గలదు. సవిస్తరముగాఁ జెప్పితిని.

నేను చెప్పిన కథ యిది. 1952లో కెనడా దేశమునందలి యొక వైద్యునికి జమైకా ద్వీపమునుండి 25 బిళ్ళగన్నేరుఆకులు టపాలో వచ్చినవి. అచటివారు వాని కషాయమును మధుమేహమునకుఁ ద్రాగెదరని దానితో వచ్చిన వార్త. ఆ వైద్యుఁడు వానిని పరిశోధకుఁడైన తన తమ్ముఁడు రాబర్టు నోబులునకు పంపెను. అతఁడు ఎలుకలకు ఆ రసమును నోటఁ బట్టించి చూడఁగా నెత్తుటి చక్కెర యేమియు మాఱలేదు. సూదితో నెక్కింపఁగా మాత్రము ఎలుకలు రోగములు సోకి చచ్చినవి. ఏల యని చూడఁగా వాని తెల్లకణములు తఱిగిపోయియుండెను. తెల్లకణములు తఱుగుటయే మేలగు వ్యాధి యొకటి యున్నదిగదా యని అతనికిని, అతనితోఁ బనిచేసిన చార్లెసు బీరునకును దట్టెను. 1958లో వారు విన్‌బ్లాస్టీను అను పదార్థమును బ్రకటించిరి. అమెరికాలో ఎలీ లిల్లీ సంస్థవారు ఆ మొక్కనుండియే విన్‌క్రిస్టీనును గూడఁ దీయఁగా, 1963లో దానిని వాడుట కనుమతి లభించెను. అంతకుముందు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు దాదాపు దక్కెడివారు కారు. ఈ మందును మఱికొన్నిటిని గలిపి యిచ్చుట మొదలైనపిదప, ధనికదేశములలో నేఁడు నూటికి తొంబదిమంది వఱకు బ్రతుకుచున్నారు.

అందఱు విని యబ్బురపడిరి. చెల్లెలి యత్తగారు మాత్రము భోజనము ముగించి, చేయి కడుగుకొని, పెరటివైపు చూచుచుఁ గొంతసేపు నిలుచుండెను. నేనది గమనించితిని; అర్థము చేసికొనలేదు.

మఱునాఁడు తెల్లవాఱుజామున నేనును, చెల్లెలును చిలుకూరు బాలాజీ దర్శనమునకుఁ బోయితిమి. ఈ గుడిలో హుండీ లేదు. కోరిక కోరువారు 11 ప్రదక్షిణములును, తీఱినవారు 108 ప్రదక్షిణములును జేయుదురు. విదేశములకుఁ బోఁగోరు యువకులు గుంపులుగా వచ్చి తిరుగుదురు గనుక లోకులు వీసా బాలాజీ యనికూడ ననుచుందురు. వ్యాధి తెలిసిన వారమున మా చెల్లెలు 11 తిరిగినది. 108 చికిత్స ముగిసినపిదప నని మ్రొక్కియున్నది. జనసమ్మర్దమునకుఁ బిల్లవానిఁ దీసికొనిపోరాదని వైద్యులు చెప్పియుండుటచేత వానిని నాయనమ్మకడ విడిచిపోయితిమి. ఆ చేయి తిరిగిన యత్తగారికంటె మంచి కాపరి యెవరుందురు?

మేము తిరిగివచ్చి వాకిట నడుగిడునప్పటికి పెరటిలో రోలు చప్పుడు. అటు పోయి చూచితిని. గులాబివన్నె పూలతో నిండియుండిన బిళ్ళగన్నేరుపొద సగము బోడియై యున్నది. రోటిలోఁ బచ్చని ముద్ద. బాలుఁడు అరుగుపైఁ గూర్చుండి యొక గిన్నె రెండుచేతులఁ బట్టుకొని, చేదుగా నుండునేమోయని మొగము ముడుచుకొని యున్నాఁడు. అత్తగారు వానికి బెల్లపుముక్క యాశఁ జూపుచున్నారు.

నేనెట్లు పరుగెత్తితినో నాకుఁ దెలియదు. గిన్నె లాగికొని పెరటిలోఁ బాఱఁబోసితిని. పిల్లవాఁడు బెదరి యేడ్చెను. చెల్లెలు నేలఁ గూలఁబడెను. త్రాగితివా, నాలుకకుఁ దాఁకినదా యని పదిమాఱులడుగఁగా వాఁడు లేదు లేదని తలయూఁచెను.

అత్తగారు కోపగించుకొనలేదు. నెమ్మదిగా, "బిడ్డా! రాత్రి నీవే గదా చెప్పితివి? ఆ మందు ఈ యాకులోనిదే గదా? నెలకొక సూదికి వానిఁ బొడిపించుట నేను జూడలేకున్నాను. చెట్టు మన పెరటిలోనుండఁగా పోట్లేల యనుకొంటిని" అనిరి.

నా గర్వమంతయు నేల రాలినది. ఆమె తప్పు అందేమున్నది? సగము చెప్పిన విద్యవలన వచ్చిన యపాయము గనుక నేరము నాది. ఆకులో మందున్నదని చెప్పితిని. ఎంతయున్నది, దానితోఁ గూడ నేమేమియున్నవి, ఎట్లు తీయుదురు అనునవి చెప్పలేదు. అప్పుడే వాకిట మంచముపై నామె ప్రక్కఁ గూర్చుండి, వైద్యురాలు నాకుఁ జెప్పిన మిగిలిన సగము చెప్పితిని.

ఆ యాకులో నూటికిఁ బైగా చేదుక్షారములున్నవి. అందులో విన్‌క్రిస్టీను అతిస్వల్పము. గ్రామెత్తు దాని చెల్లెలగు విన్‌బ్లాస్టీనుకే ఎండిన యాకు 500 కిలోలకుఁ దక్కువ చాలదు. విన్‌క్రిస్టీను అంతకంటె నరుదు. ఆకు నూఱి త్రాగించినచో మనకుఁ గావలసినది చేరదు. తక్కిన క్షారములు మాత్రము చేరును. వానిలోఁ గొన్ని వాంతులఁ గలిగించును, కొన్ని నరములకుఁ గీడు చేయును, కొన్ని నెత్తుటిలో చక్కెరను మాఱ్చును. ఇప్పటికే మందులచే నలసిన పిల్లవాని మూలుగపై నవి యేమి చేయునో చెప్పఁగలవారు లేరు. ఇఁక ఆ సూదిలో నుండు మందెంత? పిల్లవాని యొడలి వైశాల్యము లెక్కించి కొలుతురు. ఈ వయసువానికి ఒక మిల్లీగ్రామునకు అటునిటు. రెండు పంచదార పలుకుల యెత్తు. అంతకు మించినను ముప్పు, తగ్గినను వ్యర్థము. అదియు నెత్తుటినాళములోనికే పోవలెను. చర్మముక్రింద కారినచోఁ బుండుపడును.

"ఇంతకు అది లోన నేమి చేయును?" అని ఆమె యడిగిరి. ఈ ప్రశ్న నేను వైద్యురాలి నడుగుట కేల తోఁచలేదో యని సిగ్గుపడి, పిదపఁ జదివి తెలిసికొన్నదానిని ఇచటనే మీకుఁ జెప్పెదను. ఒక కణము రెండు కణములగునపుడు దాని నడుమ సన్నని దారములు పుట్టి, కదురువలె నమరును. వంశలక్షణములను మోయు పోగులు ఆ దారములఁ బట్టుకొని చెఱిసగముగా రెండువైపులకుఁ బోవును. విన్‌క్రిస్టీను ఆ దారము అల్లుకొనకుండఁ జేయును. కదురు లేక కణము చీలలేదు, చీలలేక చచ్చును. వేగముగాఁ జీలు కణములకే దెబ్బ యెక్కువ గావున క్యాన్సరుకణములు ముందు నశించును. వెండ్రుకల కుదుళ్ళును వేగముగాఁ బెరుగునవే గనుక చికిత్సలో జుట్టును రాలును. నరములలోఁ గూడ నట్టి దారములే యుండుటచేత వ్రేళ్ళు తిమ్మిరెక్కును. మందుయొక్క మేలును, కీడును ఒకే పనివలనఁ గలుగుచున్నవని తెలిసిననాఁడు నాకు ఆ మందుపై భయమును, గౌరవమును గూడఁ బెరిగినవి.

అంతయు విని అత్తగారు రోటివైపు చూచి, "నా మతి యేమైనది? మేఁకలు పెరటిలోఁ బడి సర్వమును నమలును, ఈ పొదను మాత్రము ముట్టవు. మేఁక ముట్టనిదానిని మనుమనికిఁ బట్టఁబోతిని" అనిరి. రోలు మూఁడుమాఱులు కడిగిరి.

ఆ దినము సాయంకాలము ఆమెయే నన్ను తోఁటగట్టు వెంబడిఁ దీసికొనిపోయిరి. ఉదయము నేను గురువునైతిని; సాయంకాలమునకు శిష్యురాలనైతిని. గట్లమీఁద నామెకుఁ దెలియని మొలక లేదు. దాపున మందులవిద్య నేర్పు కళాశాల లుండుటచేత, అచటి బాలికలు ఆకులు, వేరులు సేకరించుటకు వచ్చినపుడు ఈమెనే అడుగుదురఁట. నేను పుస్తకమునఁ జదివిన శ్లోకమునకు మొక్క యెట్టిదో తెలియక యుందును. ఆమెకు శ్లోకము తెలియదు, మొక్క తెలియును.

కంచెమూల అడ్డసరము చూపి, "మీ చెల్లెలి మగనికిఁ బసితనమున దగ్గువచ్చినచో నిదియే" అనిరి. ఈ మాట వ్యర్థము గాదు. అడ్డసరపాకులోని వాసిసీను అను క్షారమును మాదిరిగాఁ దీసికొని రసాయనజ్ఞులు బ్రోంహెక్సీను అను మందు చేసిరి. అది 1963లో అంగడికి వచ్చెను. ఆ బ్రోంహెక్సీను ఒడలిలో మాఱఁగా నేర్పడునదియే ఆంబ్రాక్సాలు. మీయింట దగ్గుమందుసీసా యున్నచో దానిపై చీటీ చదివి చూడుఁడు. ఈ రెంటిలో నొకటి తఱచుగాఁ గనఁబడును. అమ్మమ్మల కషాయమునకును ఆ సీసాకును చుట్టఱికము గలదు. కాని సీసాలో ఆకు లేదు. ఆకు చూపిన దారి మాత్రమే యున్నది.

కొంచెము దూరమున దిబ్బపై తెల్లని ఉమ్మెత్త. శివునికిఁ బూవు పెట్టుదుము, పిల్లలను దగ్గఱకుఁ బోనీయము. దాని గింజలు పిచ్చి యెక్కించి చంపఁగలవు. ఐనను ఉమ్మెత్తయందును, దాని కుటుంబమువైన మఱికొన్ని మొక్కలయందును గల అట్రోపీను అను విషమే, పురుగుమందు లోనికిఁ బోయి ప్రాణముమీఁదికి వచ్చినవారికి ఆసుపత్రులలో సూదిగా నిచ్చు విరుగుడు. ప్రత్తి, కూరగాయలు పండించు ఈ చేవెళ్ళ ప్రాంతమున పురుగుమందు లేని యిల్లు అరుదు గనుక, ఆ సూదివిలువ యెఱిఁగిన కుటుంబములు కలవు. అత్తగారు పేరు చెప్పకయే ఒక యింటివైపు చేయి చూపి, "ఆ పిల్ల అట్లే బ్రతికినది" అని యూరకుండిరి. నేను మఱి యడుగలేదు.

ఇంటికి వచ్చి ఆలోచింపఁగా నాకు మఱియొక శంక కలిగినది. మన ప్రాచీనగ్రంథములలో నన్నియు నున్నవని మావంటివారము తఱచు చెప్పుదుము. బిళ్ళగన్నేరు మాటయే తీసికొనుఁడు. మా తండ్రిగారి నిఘంటువున వెదకితిని, నాకుఁ గనఁబడలేదు. ఉండుట కవకాశమును లేదు. ఆ మొక్క పుట్టినిల్లు ఆఫ్రికా చెంతనున్న మడగాస్కరు ద్వీపము. ఓడలవెంట లోకమెల్లఁ దిరిగి మన పెరటికి వచ్చిన చుట్టము. నిత్యము పూచుచుండుటచేత మన దేవపూజలోఁ జేరిపోయినది.

అట్లని పాతపుస్తకములు పనికిరావనియు ననను. చీనా దేశపు టూ యూయూ అను విదుషి మలేరియాకు మందు వెదకుచు ఎన్నో పురాతన వైద్యగ్రంథములు తిరుగవేసినది. పదియాఱువందల యేండ్లనాఁటి గె హోంగు గ్రంథములో, ఒకజాతి మాచిపత్రిని నీట నానఁబెట్టి పిండి త్రాగవలెనని యుండెను. కాఁచుమని లేదు! కాఁచుటచేతనే గుణము పోవుచున్నదేమోయని యామెకుఁ దోఁచి, వేఁడి తగిలింపక ఈథరుతో సారము తీసినది. 1972లో ఆర్టిమిసినీను అను శుద్ధపదార్థము చేతికి వచ్చెను. రోగులకుఁ బెట్టుటకు ముందు ఆ సారమును దానే మ్రింగి చూచుకొన్నదఁట. 2015లో ఆమెకు నోబెలు బహుమానము లభించెను. మలేరియా దోమకడుపులోఁ బెరుగునని 1897లో రోనాల్డు రాసు కనుఁగొన్నది మన బేగంపేటలోనే గదా. రోగపు జాడ యిచట దొరకఁగా, మందుజాడ ఆ పాతపుస్తకపు వాక్యములో దొరకినది. కషాయము కాఁచుటకును నానఁబెట్టుటకును గల భేదము వంటయింటివారమైన మనకుఁ గ్రొత్తగాదు. ఆమె గొప్పతనము ఆ వాక్యమును నమ్ముటలోఁ గాదు, పరీక్షించుటలో నున్నది.

మూఁడవ దినము సోమవారము. వారమున కొకమాఱు పిల్లవాఁడు మెతోట్రెక్సేటను మాత్రలు మ్రింగు దినమది. ఆ రాత్రి మావారు వానిని ఒడిలోఁ గూర్చుండఁబెట్టుకొని భీమవరమునఁ బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ చెప్పిరి. 1941లో అమెరికాలోఁ గొందఱు పండితులు నాలుగు టన్నుల పాలకూరజాతి యాకునుండి ఒక పదార్థము వేఱుచేసి, ఆకు అను నర్థము వచ్చు లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి పర్యవేక్షణమున దానిని రసాయనరీతినిఁ దయారుచేసిరి. పిదప దానివలెనే వేసము వేసికొని కణములను మోసగించు పదార్థములఁ జేసిరి. వానిలో నొకదానినే బోస్టనునందలి సిడ్నీ ఫార్బరు, ఈ వ్యాధిగల పిల్లలకిచ్చి, వ్యాధి కొంతకాలము వెనుదీయుట గాంచి 1948లోఁ బ్రకటించెను. ఆ యేఁడే సుబ్బారావుగారు గతించిరి. మనవాని చేతిలోని మాత్ర ఆ కుదురునందే పుట్టినది. బాలునికి ఇదంతయు నెంత తెలిసెనో గాని, "అయితే మన పాలకూర మడిలోనిదా?" అని యడిగెను. కాదు, దాని వేసమువేసికొన్నదని మావారు చెప్పఁగా, వాఁడు మాత్రను దీపమునకెదురుగాఁ బట్టి, వేసము కనఁబడునేమోయని కొంతసేపు చూచి మ్రింగెను.

వచ్చునాఁడు ఉదయమున అత్తగారు పూజకుఁ బూలు కోయుచుండిరి. బోడియైన బిళ్ళగన్నేరుకొమ్మల కప్పుడే చివుళ్ళు వేయుచున్నవి. పూలు కోసి బుట్టలో వైచి, చేతులు సబ్బుతోఁ గడుగుకొని, పిమ్మట పిల్లవానికిఁ బాలు కలిపిరి. నాకు బస్సువఱకు తోడువచ్చి, రెండు కట్టల పాలకూర, ఒక చేమంతిమాల సంచిలోఁ బెట్టి, "బిడ్డా, ఈమాఱు ఏమైనను చదివినచోఁ గడవఱకు చెప్పుము" అనిరి. చెల్లెలు వ్రేళ్ళపై లెక్కవేసికొని, 108 ప్రదక్షిణములకు ఇంక పదునెనిమిది నెలలు అనెను.